బజారు మీద పీహెచ్‌డీ చేస్తే అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: కడప వై.వి. స్ట్రీట్‌లో మాది అద్దె షాపు, బట్టల వ్యాపారం. మా అమ్మాయి ఎం.ఎ. ఎకనామిక్స్ చివరి సంవత్సరం. బ్యాంకు కోచింగ్‌కు పొమ్మంటే ‘బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్టుల’ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: పేరు పెద్దదే గానీ విషయం మీకు తెలిసిందేనండీ. బజారులో సీసీ కెమెరాలకు చందా అడిగితే కొందరు ఇస్తారు, కొందరు రేపు మాపు అని తిప్పుకుంటారు. కెమెరా మాత్రం అందరి షాపునూ కాస్తుంది. కెనడాలోని టొరంటో నగరంలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారు వ్యాపారులకూ ఇదే తలనొప్పి. అందుకే 1970లో, చట్టం ఆసరాతో, ఆ వీధి వ్యాపారులందరూ తప్పనిసరిగా కట్టే రుసుము పెట్టించుకున్నారు. ఆ డబ్బు ఆ వీధికే ఖర్చు పెట్టాలి. ఇలాంటి ఏర్పాటున్న బజారునే బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్టు అంటారు. ఇంగ్లండ్‌లో దీనికి ఓటింగ్ ఉంది. ఓటేసిన వాళ్లలో మనుషుల లెక్కనా మెజారిటీ రావాలి, షాపుల పన్ను విలువ లెక్కనా రావాలి. పెద్ద షోరూములు నాలుగూ కలిసి చిన్నవాళ్ల మీద రుద్దకుండా ఈ ఏర్పాటు.

ఇక ఫలితాలు. న్యూయార్క్‌లో చేసిన ఒక పేరున్న అధ్యయనంలో కమర్షియల్ ఆస్తుల విలువ పెరిగిందని తేలింది. అయితే ఆ లాభం పెద్ద డిస్ట్రిక్టులకే. చిన్నవాటికి పెద్దగా ఒరిగిందేమీ లేదు. విలువ పెరిగితే సంతోషం ఓనరుది. మీలా అద్దెకున్నవాళ్లకు? తోపుడు బండ్ల వాళ్లకు? 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం ఆ బండ్ల వాళ్లే ఉండాలి. బజారు బాగుచేసేటప్పుడు ఆ మాట ఎంతవరకు చెల్లుతోందన్నది మంచి పరిశోధన ప్రశ్న. విదేశీ మోడల్‌ను వర్ణిస్తూ పోయే థీసిస్‌కు మాత్రం నేను ఓటెయ్యను.

మీ అమ్మాయికి ఉన్న బలం మీరే. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత అని బయటివాళ్లు అడిగితే ఏ షాపాయనా నిజం చెప్పడు. మీ కూతురు అడిగితే చెబుతాడు. ఈ వేసవిలోనే ఒక నోటుబుక్కు తీసుకుని ఏ షాపు ఎన్నేళ్లుగా ఉంది, సాయంత్రం బండ్లు ఎక్కడ ఆగుతున్నాయి, మూసిన షట్టర్లు ఎన్ని అని రాసుకోమనండి. ఆ పని విసుగనిపిస్తే పీహెచ్‌డీ ఆలోచన అక్కడే మానుకోవచ్చు.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ). అది రాకుండా సొంత ఖర్చుతో చేరమని నేను చెప్పను. సిటీ ప్లానింగ్ వైపు వెళ్లాలనుంటే విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఎం.ప్లాన్ (ప్లానింగ్‌లో పీజీ) అర్హతలు చూడండి. తర్వాత కాలేజీ లెక్చరర్ పోస్టులు, పాలసీ సంస్థలు, మున్సిపల్ ప్రాజెక్టుల కన్సల్టెన్సీలు ఉంటాయి. బ్యాంకు ఉద్యోగమంత గ్యారంటీ మాత్రం లేదు.

నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. రెండు అవకాశాలు ఇవ్వండి. ఆ ఏడాది బ్యాంకు పరీక్షలకు కూడా అప్లై చేయించండి, ఎకనామిక్స్ చదివినమ్మాయికి అదేమంత అదనపు భారం కాదు.