ఇల్లు వదిలి బండిలోనే ఉండాలంటే ముందు ఒక వానాకాలం గడిపి చూడండి

మీవారికి రిటైరయ్యాక తిరుగుతూ బతకాలని కోరిక అని, పర్లాకిమిడిలో ఇల్లు అమ్మేసి వ్యాన్ కొనుక్కుని అందులోనే ఉండిపోవచ్చా అని మీరు అడిగారు. మాది రాయగడ. మావారు కాగితం మిల్లులో చేసి రిటైరయ్యారు. మూడేళ్లుగా ఇద్దరం బండిలోనే ఉంటున్నాం. వద్దని నేను చెప్పను. ఇల్లు మాత్రం అప్పుడే అమ్మకండి.

మేం బయల్దేరింది జనవరిలో. దేవ్‌మాలి కొండ దగ్గర పొద్దున్నే తలుపు తీస్తే కాళ్ల కింద మబ్బులు. ఇంకేం కావాలి అనిపించింది. జూలైలో సిమిలిగుడ దగ్గర ఉండగా ముసురు పట్టింది. ఆరు రోజులు వదల్లేదు. ఉతికిన బట్ట ఆరలేదు. ఎండ లేక సోలార్ ఛార్జింగ్ ఎక్కలేదు, మూడో రోజుకి ఫ్రిజ్ ఆపేశాం. పరుపు కింద ప్లైవుడ్‌కి బూజు పట్టింది. ఆ పైన, సోలార్ ప్యానెల్ బిగించిన బోల్టుల దగ్గర పైకప్పు కారడం మొదలైంది. పని చేసినవాళ్లు అక్కడ సీలెంట్ సరిగ్గా వేయలేదు. అర్ధరాత్రి ఆయన గిన్నెలు పెడుతుంటే, నేను పరుపు చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చేసింది. తెల్లారగానే రాయగడ వచ్చేశాం. ఇల్లు అద్దెకిచ్చినా వెనక గది ఒకటి మాకోసం ఉంచుకున్నాం. ఆ గది లేకపోతే ఆ రోజు ఎవరింటికి వెళ్లేవాళ్లమో! తర్వాత సాలూరులో లారీ బాడీలు కట్టే మేస్త్రీ చేత పైకప్పు మళ్లీ చేయించాం. ఆ పని తెలిసిన చేతులు అక్కడ చాలా ఉన్నాయి, మీకూ దగ్గరే.

ఆ గది ఇంకోలా కూడా పనికొస్తోంది. ఓటరు కార్డు, బ్యాంకు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, అన్నిటికీ అడ్రస్ కావాలి. ఉత్తరాలు మా పక్కింటి ఒడియా మావుసి (పిన్ని) తీసి పెట్టి ఫోన్ చేస్తుంది. పెన్షన్‌కి బెంగ లేదు, బతికే ఉన్నామని ఏటా ఇచ్చే జీవన్ ప్రమాణ్ పత్రం ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి ఎక్కడినుంచైనా ఇవ్వొచ్చు. గ్యాస్‌కి 5 కిలోల చిన్న సిలిండర్ తీసుకోండి, దానికి అడ్రస్ ప్రూఫ్ అడగరు, గుర్తింపు కార్డు చాలు.

బండి కాగితాల దగ్గర అశ్రద్ధ వద్దు. సీట్లు తీసి మంచం, వంటగట్టు పెడితే అది బండిని మార్చినట్టే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్‌టీఓ అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించుకోవాలి. లేకపోతే రేపు యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు. ఒడిశా నంబరు బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. మేం ఆంధ్రా, ఛత్తీస్‌గఢ్ వెళ్లొస్తూ ఉంటాం కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు. అయినా ఫాస్టాగ్ మెసేజ్‌లు తుడిచేయను, ఎప్పుడు ఎక్కడున్నామో వాటిలో ఉంటుంది.

నీళ్లు ఇద్దరికీ ఎంత పొదుపుగా వాడినా రోజుకి పాతిక లీటర్లు. మా ట్యాంకు 100 లీటర్లు, నాలుగో రోజు ఎక్కడో ఒకచోట నింపుకోవాల్సిందే. డీజిల్ కొట్టించే బంకులో అడిగితే ఎక్కువమంది కాదనరు. రాత్రిళ్లు కూడా బంకులోనే, లారీల పక్కన ఆపుతాం. అందమైన చోటు దొరికిందని ఒంటరిగా ఆగడం మానేశాం. బాత్రూం ఉన్న చోటే పడక, ఆ విషయంలో నేను రాజీ పడను.

డిసెంబరులో మోహన మీదుగా తప్తపాణి వేడినీటి బుగ్గ వరకు వెళ్లొచ్చి చాలా బాగుందని నిర్ణయం తీసుకోకండి. చలికాలంలో ఎవరికైనా బాగానే ఉంటుంది. అద్దె బండి అయినా సరే, జూన్ నుంచి సెప్టెంబరు దాకా అందులో ఉండండి.

ఇంకొక మాట. మీ ప్రశ్నలో మీవారి కోరిక ఉంది, మీకు ఇష్టమో కాదో ఎక్కడా లేదు. బండిలో అలిగి వెళ్లి కూర్చోడానికి ఇంకో గది ఉండదు. నాకు మొదటి ఏడాది పెరట్లో కరివేపాకు చెట్టు, సాయంత్రం అరుగు మీద కబుర్లు కలలోకి వచ్చేవి. ఆయనతో మాట్లాడి, ఏటా ఒక నెల ఊళ్లో ఉండాలని ఒప్పించుకున్నాను. మీకు ఏది లేకపోతే కుదరదో అమ్మకం మాట ఎత్తకముందే ఆయనకి చెప్పండి. మజ్జిగౌరమ్మ చైత్ర పండక్కి మేం రాయగడలోనే ఉంటాం. ఇద్దరూ రండి, బండి చూద్దురుగాని.