ఎక్సెల్ గ్రాఫుల మీద డెమో క్లాసు: మా అమ్మాయి ఎలా ప్రిపేర్ కావాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్) పూర్తి చేసింది. టీచింగ్ అంటే ఇష్టం. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్ పోస్టుకు వచ్చే వారం డెమో ఇమ్మన్నారు. ఎనిమిదో తరగతికి స్ప్రెడ్‌షీట్‌లో రకరకాల గ్రాఫులు వేయడం నేర్పాలట. చాలా టెన్షన్ పడుతోంది. ఈ ఉద్యోగంతో ముందు ముందు ఎదుగుదల ఉంటుందా?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ఈ టాపిక్ మీద డెమోలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. డేటా సెలెక్ట్ చేయండి, ఇన్సర్ట్ నొక్కండి, ఇది కాలమ్, ఇది లైన్, ఇది పై (pie, చక్రం) చార్ట్... పది నిమిషాల్లో సరుకు అయిపోతుంది. పిల్లలకు ఆ బటన్లు ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్లే నొక్కేస్తారు. ఏ లెక్కకు ఏ గ్రాఫు వేయాలన్నదే టీచర్ చెప్పాల్సింది. స్టాటిస్టిక్స్ చదివిన మీ అమ్మాయికి అది చేతిలో ఉన్న పనే.

ఒక్క పట్టిక చాలు. మన దేశ జనాభా లెక్కలు తీసుకోమనండి. 1951 నుంచి 2011 వరకు పదేళ్లకోసారి, కోట్లలో: 36, 44, 55, 68, 85, 103, 121. ఒక కాలమ్‌లో సంవత్సరాలు, పక్కన జనాభా, పైన హెడింగులు. రెండూ కలిపి సెలెక్ట్ చేసి లైన్ చార్ట్ వేస్తే ఎక్సెల్ రెండు గీతలు గీస్తుంది. సంవత్సరాలను కూడా అంకెలే అనుకుని 2000 దగ్గర ఒక గీత, జనాభాది అడుగున నేలకు అంటుకుని ఇంకొకటి! దాన్ని దాచకుండా క్లాసులోనే రానిచ్చి, "ఇదేంటి ఇలా వచ్చింది?" అని పిల్లల్నే అడగాలి. సంవత్సరాల కాలమ్ పైనున్న హెడింగ్ తీసేసి, ఆ గడి ఖాళీగా ఉంచి మళ్లీ వేస్తే సరిగ్గా వస్తుంది.

తర్వాత అదే డేటాకు పై చార్ట్ వేసి చూపించమనండి. ఎక్సెల్ మారుమాట లేకుండా రంగురంగుల చక్రం గీసి ఇస్తుంది. "ఈ చక్రం మొత్తం దేనికి గుర్తు?" అని అడిగితే క్లాసు ఆగిపోతుంది. ఏడు జనాభా లెక్కల కూడికకు అర్థమే లేదు కదా! అప్పుడు పిల్లల్ని చేతులెత్తమని, బస్సులో ఎంతమంది వస్తారు, సైకిల్ మీద ఎంతమంది, నడిచి ఎంతమంది అని లెక్కపెట్టి, దానికి పై చార్ట్ వేయించాలి. పై చార్ట్ ఎక్కడ పనికొస్తుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

టైముంటే ఇంకొకటి. మూడు సెక్షన్ల సగటు మార్కులు 82, 85, 88 అనుకుందాం. నిలువు అక్షం 80 నుంచి మొదలైతే మూడో కమ్మీ మొదటిదానికి నాలుగింతలు కనిపిస్తుంది. సున్నా నుంచి మొదలుపెడితే మూడూ దాదాపు సమానం. చుక్కలతో వేసే స్కాటర్ గ్రాఫు జోలికి ఈ డెమోలో వెళ్లొద్దు. సోపాన చిత్రం (హిస్టోగ్రామ్) అడిగితే మాత్రం జాగ్రత్త: అది నేరుగా ఎక్సెల్ 2016 నుంచే ఉంది, ల్యాబుల్లో ఇంకా పాతవే నడుస్తుంటాయి. ముందురోజు వెళ్లి ల్యాబ్ చూసి రమ్మనండి. ఎక్సెల్ ఉందా, లిబ్రేఆఫీస్ క్యాల్క్ ఉందా, ప్రొజెక్టర్ పనిచేస్తోందా అన్నది డెమో రోజు తెలిస్తే లాభం లేదు.

ఇక ఎదుగుదల. ఉత్త కంప్యూటర్ టీచర్‌గా మిగిలిపోతే కష్టమే అని నా అభిప్రాయం. ఒక ఏడాది పనిచేశాక ఎడ్‌సెట్ రాసి, మ్యాథ్స్ మెథడాలజీతో రెండేళ్ల బీఈడీ చేయించండి. టెట్ పాసైతే డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్ పోస్టులకు పోటీ పడొచ్చు. "అటెండెన్స్ మేం చూసుకుంటాం, పరీక్షలకు వస్తే చాలు" అనే కాలేజీలు తగులుతాయి, వాటిలో చేర్పించకండి. క్లాసు చెప్పడం నేర్చుకునేది ఆ రెండేళ్లలోనే.

సీబీఎస్ఈ స్కూళ్ల వైపు వెళ్లాలనుకుంటే పైథాన్ ప్రోగ్రామింగ్ కూడా రావాలి. తొమ్మిది, పది తరగతుల ఐటీ సబ్జెక్టులో స్ప్రెడ్‌షీట్ ఉంటుంది, పన్నెండో తరగతి ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్‌కు వచ్చేసరికి ఇలాంటి గ్రాఫులు పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే గ్రాఫుల లైబ్రరీతో వేయించాలి.

సెలెక్ట్ అయితే జాయిన్ అయ్యేముందు ఒక మాట అడిగి తెలుసుకోండి, వేసవి సెలవులకు జీతం ఇస్తారా, కోస్తారా అని. మొహమాటపడి ఊరుకుంటే ఏప్రిల్ చివర్లో తెలుస్తుంది.