చెక్కు కాదు, ముందు కమిషన్

ప్రశ్న: అమెరికాలో బానిసల వారసులకు పరిహారం కోసం ‘హెచ్.ఆర్. 40’ బిల్లు 1989 నుంచీ నలుగుతోంది కదా. అది పాసైతే ఒక్కొక్కరికి ఎంత వస్తుంది?

జవాబు: ఒక్క డాలరూ రాదు. ఆ బిల్లు అడుగుతున్నది బానిసత్వం వల్లా, ఆ తర్వాతి వివక్ష వల్లా జరిగిన నష్టాన్ని పరిశీలించి, ఏం చేయాలో సిఫారసు చేసే కమిషన్‌ను. డబ్బు ఇవ్వాలంటే ఆపైన వేరే చట్టం, నిధుల కేటాయింపు కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో శిబిరాల్లో నిర్బంధించిన జపనీస్ అమెరికన్ల విషయంలో జరిగిందీ ఇదే: 1980లో కమిషన్, 1983లో సిఫారసులు, 1988లో చట్టం, బతికున్న ఒక్కో బాధితుడికి 20,000 డాలర్లు. అయితే వాళ్ల పేర్లు సర్కారు దస్త్రాల్లోనే ఉన్నాయి. బానిసల వారసులకు అలాంటి సిద్ధమైన జాబితా లేదు, ఇక్కడ అసలు చిక్కు అదే.

రెండేళ్లకోసారి కొత్త కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) కొలువుదీరితే పాసుకాని పాత బిల్లులన్నీ మురిగిపోతాయి. అందుకే ప్రతినిధుల సభ సభ్యులు జాన్ కాన్యర్స్, ఆయన తర్వాత షీలా జాక్సన్ లీ దీన్ని మళ్లీ మళ్లీ ప్రవేశపెట్టారు. 2025లో అయానా ప్రెస్లీ ఆ పని చేశారు. 2021 ఏప్రిల్‌లో బిల్లు ఆ సభ జ్యుడీషియరీ (న్యాయవ్యవహారాల) కమిటీ గడప దాటింది, 25–17 ఓట్లతో. సభలో ఓటింగ్ దాకా మాత్రం రాలేదు. నిజానికి పరిహారం ఒకసారి ముట్టింది. 1862లో వాషింగ్టన్ నగరంలో బానిసలను విడిపించినప్పుడు తలకు 300 డాలర్ల వరకూ ఇచ్చారు, యజమానులకు!

ప్రశ్న: పూర్వీకులు బానిసలని కాగితాలతో రుజువు చేయడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే, ఓపిక కావాలి. పరిహారంపై అధ్యయనానికి కాలిఫోర్నియా రాష్ట్రం వేసిన టాస్క్‌ఫోర్స్ 2022 మార్చిలో 5–4 ఓట్లతో అర్హతను జాతితో కాక వంశంతో ముడిపెట్టింది. జాతిని బట్టి ఇచ్చే సాయం కోర్టులో నిలవడం కష్టమన్న ఆలోచన అందులో ఉంది. ఇలినాయ్‌లోని ఎవాన్‌స్టన్ నగరం బానిసత్వం జోలికే పోలేదు. 1919–1969 మధ్య అక్కడ నివసించిన నల్లజాతివారికి, వారి నేరు వారసులకు ఇళ్ల విషయంలో జరిగిన వివక్షకు 25,000 డాలర్ల చొప్పున ఇస్తోంది. అక్కడ పాత చిరునామా కాగితాలే రుజువు.

వంశమే చూపాలంటే మీ నుంచి మొదలుపెట్టి వెనక్కి నడవండి. జనన, వివాహ, మరణ పత్రాల తర్వాత జనగణనలు. 1950 లెక్కల దాకా అందరికీ అందుబాటులో ఉన్నాయి. 1890 లెక్కలు దాదాపుగా నాశనమయ్యాయి కాబట్టి 1900 నుంచి ఒక్కసారిగా 1880కి దూకాలి. ఈ ఇరవై ఏళ్లలో ఆడపిల్లలు పెళ్లి చేసుకుని ఇంటిపేరు మార్చుకుని ఉంటారు. చాలామంది జాడ పోగొట్టుకునేది ఇక్కడే. 1880 లెక్కల్లో ఇంటి యజమానికి ఎవరేమవుతారో రాశారు, 1870లో రాయలేదు. అందుకని 1880 కుటుంబాన్ని పక్కన పెట్టుకుని 1870 చూడండి.

విముక్తులందరి పేర్లూ నమోదైన మొదటి జనగణన 1870దే. అంతకు ముందరి 1850, 1860 బానిస జాబితాల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే కనిపిస్తాయి. ఆ గోడ దాటాలంటే యజమానుల వీలునామాలు, ఆస్తి జాబితాలు వెతకాలి. వాటిలో మనుషుల పేరు పక్కన ఖరీదు రాసి ఉంటుంది. విముక్తుల కోసం 1865–1874 మధ్య నడిచిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతా పుస్తకాల్లో తల్లిదండ్రులు, తోబుట్టువులు, ఒక్కోచోట పాత యజమాని పేరూ దొరుకుతాయి. ఇంటిపేరు కలిసిందని యజమానిని ఖాయం చేసుకోవద్దు. చివరి యజమాని పేరే పెట్టుకోవాలన్న నియమం ఎవరికీ లేదు.

ప్రశ్న: రుసుము ఇస్తే ఆదాయపు పన్ను రిటర్నులో ‘బానిసత్వ పరిహారం’ ఇప్పిస్తామంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: వద్దు. అలాంటి మినహాయింపు అమెరికా పన్ను చట్టంలో లేనే లేదు. 2000 ప్రాంతంలో ఈ మోసం పెద్దఎత్తున నడిచింది. రిటర్నుమీద సంతకం మీదే కాబట్టి నిరాధారమైన రిటర్నుకు 5,000 డాలర్ల జరిమానా కూడా మీమీదే పడవచ్చు.