డౌన్ పేమెంట్ కూడా అప్పేనా?

ఈసారి ప్రశ్న ఒక ఉద్యోగి దగ్గర్నుంచి. పేరు వేయొద్దన్నారు. భార్యాభర్తలిద్దరూ ఒకే రంగంలో పనిచేస్తున్నారు. ఆయన రాసింది క్లుప్తంగా ఇదీ: "నాలుగేళ్ళలో ఇళ్ళ ధరలు రెట్టింపయ్యాయి. ఇదంతా బబుల్, రెండేళ్ళలో కూలిపోతుంది, ఆగమని ఆఫీసులో ఒకాయన అంటున్నారు. ఇప్పుడు కొనకపోతే ఇక జన్మలో కొనలేవని మా బావమరిది అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఒక ఇల్లు చూసి పెట్టుకున్నాం. డౌన్ పేమెంట్‌లో సగం మా దగ్గరుంది, మిగతా సగానికి పర్సనల్ లోన్ మాట్లాడాం. ఎమర్జెన్సీకి క్రెడిట్ కార్డు లిమిట్ ఎలాగూ ఉంది. లెక్కలు వేసిన షీట్ జత చేస్తున్నాను."

ధరలు కూలతాయా అని అడిగేవాళ్ళు నాకు రోజూ తగులుతారు, అందరికీ జవాబు రాయను. మీకు ఎందుకు రాస్తున్నానంటే మీరు అడిగిన ప్రశ్న ఒకటి, మీ అసలు సమస్య ఇంకొకటి. అది చివరి మూడు వాక్యాల్లో, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు వచ్చి పోయింది. ఈ తప్పు మీ ఒక్కరిదే అయితే మీకే విడిగా మెయిల్ పెట్టి ఊరుకునేవాణ్ణి.

ముందు మీ ఆఫీసాయన, మీ బావమరిదిల గొడవ తేల్చేద్దాం. ఇద్దరికీ తెలియదు. నాకూ తెలియదు. 2005లో అమెరికాలో ఇళ్ళ ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు ఇది బుడగ అని ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ గట్టిగానే చెప్పారు. అదే ఏడాది, అప్పుడు అధ్యక్షుడి ఆర్థిక సలహాదారుల మండలికి చైర్మన్‌గా ఉన్న బెన్ బెర్నాంకీ, దేశమంతటా ఇళ్ళ ధరలు ఒక్కసారిగా పడిపోవడం ఎన్నడూ జరగలేదని టీవీలో చెప్పారు. షిల్లరే గెలిచారని మీకు తెలుసు. సరే, హెచ్చరించేవాళ్ళ మాటే నమ్ముదామంటారా? ఆస్ట్రేలియాకు చెందిన స్టీవ్ కీన్ అనే ఆర్థికవేత్త ఉన్నారు. 2008 సంక్షోభం వస్తుందని ముందే చెప్పిన అతి కొద్దిమందిలో ఆయనొకరు. అంతటి మనిషి తన దేశంలో ఇళ్ళ ధరలు 40 శాతం పడతాయన్నారు, పందెం కూడా కాశారు. ధరలు కాస్త తగ్గి, మళ్ళీ లేచి, పాత శిఖరాన్ని దాటేశాయి. పందెం ఓడినందుకు 2010 ఏప్రిల్‌లో కాన్‌బెర్రా నుంచి ఆ దేశంలోకెల్లా ఎత్తైన కొండ దాకా రెండొందల కిలోమీటర్లకు పైగా నడిచారు, "ఇళ్ళ ధరల విషయంలో ఘోరంగా పొరబడ్డాను, ఎలాగో అడగండి" అని రాసున్న టీషర్టు వేసుకుని. (మాట మీద నిలబడినందుకు ఆయనంటే నాకు గౌరవమే. మన ఆఫీసుల్లో, చుట్టాల్లో జోస్యం చెప్పేవాళ్ళు నాలుగు అడుగులు కూడా నడవరు.)

ధరలు ఎక్కువగా ఉన్నాయా అన్నది మాత్రం కొంతవరకు చూసుకోవచ్చు. మీరు చూసిన ఇల్లు ఏడాదికి ఎంత అద్దె తెస్తుందో, దాని ధరలో అది ఎంత శాతమో లెక్కేయండి. అది మీ లోన్ వడ్డీ శాతంలో మూడో వంతు కూడా లేకపోతే, ధరలు ఇంకా పెరుగుతాయన్న ఆశకు మీరు డబ్బు కడుతున్నట్టే. కానీ ఆ ఆశ ఈ ఏడాదే చస్తుందో, ఇంకో పదేళ్ళు బతుకుతుందో ఆ శాతం చెప్పదు.

ఇక కూలడం అంటే ఏమిటో కూడా అందరూ షేర్ మార్కెట్‌లా ఊహించుకుంటారు, పొద్దున లేచేసరికి సగం ధర అని. ఇళ్ళ సంగతి అలా ఉండదు. ముందు ఫోన్లు ఆగిపోతాయి. పోయిన ఏడాది వారానికి ముగ్గురు వచ్చి చూసిన ఇంటికి నెలకొకరు కూడా రారు. అమ్మేవాడు ధర తగ్గించడు, పక్కింటివాడు ఇంతకు అమ్మాడు కదా అని దింపుడు కళ్ళం ఆశతో ఆగుతాడు. చివరికి ఎవడో ఆగలేనివాడు తక్కువకు తెగనమ్ముకుంటాడు, అదే ఆ వీధికి కొత్త ధర అవుతుంది. అమెరికాలో 2006లో శిఖరం నుంచి మొదలైన పతనం 2012 దాకా సాగింది, దేశం మొత్తం మీద పావు వంతుకు పైగా పోయింది. ఐర్లాండ్‌లో 2007 నుంచి 2013 మధ్య దాదాపు సగం పోయి, పాత శిఖరాన్ని మళ్ళీ తాకడానికి 2022 దాకా పట్టింది. జపాన్ నగరాల్లో 1991 తర్వాత భూముల ధరలు పదిహేనేళ్ళ దాకా జారుతూనే ఉన్నాయి.

ఇన్నేళ్ళు జారినా అందరూ మునగలేదు, అసలు విషయం అక్కడుంది. అప్పు కన్నా ఇంటి విలువ తగ్గిపోయినా, జీతం వస్తున్నవాళ్ళు చాలామంది పళ్ళబిగువున వాయిదాలు కట్టుకుంటూ అదే ఇంట్లో ఉన్నారు. కాగితం మీద నష్టం, అంతే. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళలో చాలామందికి రెండూ ఒకేసారి వచ్చాయి, ధర పడటం, జీతం ఆగడం. ఆ రెండూ విడివిడిగా వస్తాయనుకోవడమే అమాయకత్వం. ఇళ్ళ పతనంతో పాటు అమెరికాలో నిరుద్యోగం 2009 అక్టోబరులో 10 శాతానికి చేరింది, ఐర్లాండ్‌లో 5 శాతం దగ్గర ఉన్నది 15 శాతం దాకా పోయింది, స్పెయిన్‌లో 2013లో 26 శాతం. గోరుచుట్టు మీద రోకటి పోటు అనేది ఇదే. ఉద్యోగం పోయినవాడు ఇల్లు అమ్మి బయటపడదామనుకునే రోజునే కొనేవాడు ఉండడు.

ఇప్పుడు మీ షీట్. అంకెలు బయటపెట్టను, మీ ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 100 అనుకుందాం. మీది 55, ఆవిడది 45. హోమ్ లోన్ ఈఎంఐ 46, పర్సనల్ లోన్ ఈఎంఐ 16, ఇంటి ఖర్చు 32. మొత్తం 94. నెలకు 6 మిగులుతుందని ఆకుపచ్చ రంగు కూడా వేశారు. షీట్‌లో నలభై ఒక్క వరుసలున్నాయి, కూర్చుని లెక్కపెట్టాను. కర్టెన్లకు ఒక వరుస, కర్టెన్ రాడ్లకు ఇంకో వరుస. ఫాల్స్ సీలింగ్ లైట్లు గదికి ఎన్నో కూడా ఉంది. ఒక జీతం ఆగిపోతే ఏమిటి అన్న వరుస మాత్రం లేదు.

నేను వేసి చూశాను. మీ ఉద్యోగం పోతే ఆవిడ జీతం 45, రెండు ఈఎంఐలే 62. ఆవిడది పోతే మీ 55తో కూడా అవి తీరవు, ఇంట్లో పొయ్యి వెలిగించకముందే లోటు. మీ ఇద్దరిదీ ఒకే రంగం, అంటే గాలి తిరిగితే ఇద్దరికీ ఒకేసారి తగులుతుంది. దానికి మీ జవాబు క్రెడిట్ కార్డు లిమిట్. అది మీ ఇద్దరి నాలుగు నెలల జీతమంత, అంటే 400 ఉందని రాశారు. కానీ ఇరవై ఆరో వరుసలో ఇంటీరియర్స్‌కి కూడా అదే కార్డు పెట్టారు. పోనీ లిమిట్ మొత్తం ఖాళీగానే ఉందనుకుందాం, ఆవిడ జీతం ఒక్కటే ఉంటే నెలకు 49 లోటు, అంటే ఎనిమిది నెలలు. ఆ తర్వాత హోమ్ లోన్, పర్సనల్ లోన్, వాటన్నిటినీ మించిన వడ్డీతో కార్డు బాకీ. అప్పు తీర్చడానికి తెచ్చే అప్పును ఎమర్జెన్సీ ఫండ్ అని ఎవరు నేర్పారండీ? ఉద్యోగం పోయిన సంగతి తెలిస్తే లిమిట్ తగ్గించే హక్కు కూడా కార్డు ఇచ్చినవాళ్ళ చేతిలోనే ఉంటుంది.

పర్సనల్ లోన్ గురించి మర్యాదగా రాద్దామని రెండుసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. డౌన్ పేమెంట్ అడిగేదే మీ సొంత డబ్బు కొంత అందులో ఉందని చూడటానికి. ధర ఇరవై శాతం పడినా ఇల్లు అమ్మితే అప్పు తీరాలని. దాన్ని కూడా అప్పు తెచ్చి కడితే ఆ రక్షణలో సగం నటన. డౌన్ పేమెంట్ 20 శాతం, అందులో సగమే మీది, అంటే మీ ఇంట్లో మీ సొమ్ము నూటికి పది. ధర పదిహేను శాతం తగ్గితే అది పోయి, పైన ఐదు మీరే ఎదురు కట్టుకోవాలి. ఇల్లు బ్యాంకుకు అప్పగించేసి చేతులు దులుపుకోవచ్చు అనుకునేరు, చాలాచోట్ల వేలంలో వచ్చింది పోగా మిగిలిన బాకీ మనిషిని వదలదు, స్పెయిన్‌లో ఇల్లు వేలానికి పోయినవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి కట్టారు. పర్సనల్ లోన్ అయితే మొదటి రోజు నుంచీ మీ మెడకే ఉంటుంది.

ఒక క్లయింట్ జంట గుర్తొస్తున్నారు. ఇదే పద్ధతిలో కొన్నారు, కొన్న పదకొండో నెలలో ఆయన ఉద్యోగం పోయింది. నా ఎదురుగా కూర్చున్నప్పుడు టేబుల్ మీద ఫోన్ బోర్లా పెట్టి ఉంది. అది మోగుతుంటే ఇద్దరూ దానివైపు చూడటం లేదు, ఒకరి మొహం ఒకరూ చూసుకోవడం లేదు. ఆ రోజు నెలలో ఐదో తారీఖు. మార్కెట్ అప్పటికి కూలలేదు కూడా, ధరలు బాగానే ఉన్నాయి. ఇల్లు చివరికి అమ్మారు, కొన్న ధరకే, కానీ అందుకు ఏడు నెలలు పట్టింది, ఆ ఏడు నెలల వడ్డీలు, పెనాల్టీలు, రిజిస్ట్రేషన్ ఖర్చులు పోగా వాళ్ళు మొదట పెట్టిన సొంత డబ్బంతా హారతి కర్పూరం. ఆ ఇంటి ఈఎంఐ ఏడాదిపాటు కట్టగలిగే డబ్బు పక్కన ఉండుంటే వాళ్ళు ఇప్పటికీ అక్కడే ఉండేవాళ్ళు, ఎందుకంటే ఉద్యోగం పోయిన తొమ్మిదో నెలలో ఆయనకు ఇంకోటి వచ్చింది.

వడ్డీ సంగతి కూడా మీ షీట్‌లో లేదు. ఇరవై ఏళ్ళకూ 8 శాతమే వేశారు. ఫ్లోటింగ్ రేటు కదా, మధ్యలో మారుతుంది. ఈఎంఐ మార్చకుండా ఉంచి, రేటు 9 అయితే మీ ఇరవై ఏళ్ళ లోన్ పాతికేళ్ళు దాటుతుంది. 10 అయితే? యాభై ఆరేళ్ళు. నేనూ మొదటిసారి చూసినప్పుడు కాల్క్యులేటర్ తప్పనుకున్నాను. అంతకాలం ఏ బ్యాంకూ ఇవ్వదు కాబట్టి ఈఎంఐ పెంచుతారు, మీ 46 కాస్తా 53 అవుతుంది, మీ ఆకుపచ్చ 6 ఎర్రగా మారుతుంది. పైగా ఐదేళ్ళు క్రమం తప్పకుండా కట్టినా 8 శాతం దగ్గర అసలు తగ్గేది ఎనిమిదో వంతు మాత్రమే. అంటే ధర పడితే కాపాడేంత సొంత వాటా మీకు చాలాకాలం తయారవదు, ఆ కాలమంతా మిమ్మల్ని కాపాడాల్సింది చేతిలో ఉన్న రొక్కమే.

కాబట్టి నేను చెప్పేది. ఆ ఇల్లు వదిలేయండి. ఈఎంఐ మీ 100లో 33 దాటని ఇల్లు చూడండి, డౌన్ పేమెంట్ 20 శాతం పూర్తిగా సొంతది, రిజిస్ట్రేషన్ డబ్బు సొంతది, వాటి పైన ఏడాది ఈఎంఐలు, ఏడాది ఇంటి ఖర్చు కలిపి విడిగా. అంటే 65 చొప్పున పన్నెండు నెలలు, 780. అది ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోగలిగే చోట ఉండాలి, షేర్లలో కాదు, తాళం వేసిన డిపాజిట్‌లో కాదు, బావమరిది వ్యాపారంలో అసలే కాదు. అప్పుడు మీ ఉద్యోగం పోయినా నెలకు 20 మాత్రమే లోటు, ఆ 780 మూడేళ్ళకు పైగా లాగుతుంది. మూడేళ్ళలో ఉద్యోగం దొరుకుతుంది, చాలాసార్లు మార్కెట్ కూడా కాస్త తేరుకుంటుంది. ఇప్పుడు 18 అద్దె కట్టి, 32 ఖర్చు పెట్టి నెలకు 50 మిగులుస్తున్నారు, మంచి అలవాటు, ఈ వేగంతో రెండున్నరేళ్ళలోపే అక్కడికి చేరతారు.

ఈలోపు ధరలు పెరిగిపోతే అంటారా, పెరగొచ్చు. అప్పుడు ఒక గది తక్కువున్న ఇల్లు కొంటారు. తగ్గితే మీ చేతిలో రొక్కం ఉంటుంది, అప్పుడు ఫోన్లు మోగని అమ్మకందారుల దగ్గర బేరం మీది. అద్దెకే ఉండిపోయి మిగులును మ్యూచువల్ ఫండ్లలో పెట్టడం కూడా తప్పేమీ కాదు, అది మీ ఇష్టం. లోన్ తీసుకున్న రోజునే దానంత టర్మ్ ఇన్సూరెన్స్ (మనిషి పోతేనే డబ్బు వచ్చే జీవిత బీమా) ఇద్దరి పేరునా విడిగా తీసుకోండి, లోన్‌తో అంటగట్టేది వద్దు.

షీట్‌లో కర్టెన్ల వరుసకు పైన ఒక కొత్త వరుస పెట్టండి. పేరు "ఒక జీతం ఆగితే ఎన్ని నెలలు". అది నింపి నాకు మళ్ళీ పంపండి. ఇరవై ఆరో వరుస తీసేయండి. బావమరిదికి కాపీ పెట్టక్కర్లేదు.