కాశీ దాకా బండి మీద పోయే మా అబ్బోడికి

ఒరే అబ్బోడా,

నువ్వు డిసెంబర్లో బండి మీద కాశీకి పోతా ఉండావని రాత్రి మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు, ఆయన గొంతులో భయం తెలస్తానే ఉండాది, నువ్వన్నా చెప్పి ట్రైన్లో పొమ్మనరా అని బతిమాలినాడు. నేనా మాట చెప్పలేనని అనేసినా. 2014 డిసెంబర్లో నేను పోయొచ్చిన దారే కదా అది, అప్పుడు నాకు 46 ఏళ్లు, మీ జేజి వాకిట్లో నిలబడి కాశీకి పోయినోడూ కాటికి పోయినోడూ ఒకటేరా అని ఏడ్చింది, అయినా పోయినా, వచ్చినా. కాబట్టి పో. కానీ పోయే ముందు ఈ చిన్నాయన చెప్పేది తీరిగ్గా చదువు.

కాణిపాకంలో బండికి పూజ చేయించినావంట, నిమ్మకాయలు తొక్కించినావంట, మంచిది. జాకెట్టు, గ్లౌజులు, వాన కవర్ల బ్యాగులు అన్నీ కొన్నావని మీ చెల్లెలు ఫొటోలు పంపించింది. అవన్నీ చూసినాక నాకు ఒక్కటే తట్టింది. బండి చెడిపోతే ఏం చెయ్యాలో నువ్వు నేర్చుకున్నావు, మనిషిని అడగడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు. చిన్నప్పట్నుంచీ నీకు ఒకర్ని అడగాలంటే నామోషీ. పోయిన సంక్రాంతికి చంద్రగిరి కాడ పెట్రోల్ అయిపోతే ఆ ఎండలో బండి తోసుకుంటా వచ్చినావే గానీ దారిలో పోయే ఒక్కరిని ఆపి అన్నా కొంచెం పెట్రోల్ ఉంటే పొయ్యండని అడగలేదు, నాకు ఆ సంగతి ఇప్పటికీ బాధే. ఇక్కడంటే చంద్రగిరి, అరుపు అరిస్తే మనోళ్లు వస్తారు. ఆడ అట్ల కాదు కదా.

దారి నీకు తెలిసిందే. రేణిగుంట, కోడూరు, రాజంపేట, కడప, ఆడ్నుంచి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీద కర్నూలు, కర్నూల్లో 44 నంబర్ హైవే ఎక్కితే హైదరాబాద్, నిర్మల్, ఆదిలాబాద్. పెన్‌గంగ బ్రిడ్జి దాటినావంటే బోర్డుల మీద తెలుగు అయిపోతాది. ఆ తర్వాత నాగపూర్, సివ్నీ, లఖ్‌నాదోన్ కాడ జబల్‌పూర్‌కు తిరగాల, తర్వాత కట్నీ, మైహర్, రీవా, మీర్జాపూర్, కాశీ. దగ్గర దగ్గర 1800 కిలోమీటర్లు. రోజుకు 300, 350 కన్నా పెట్టుకోవద్దు, పోను ఆరు రోజులు, ఆడ రెండ్రోజులు, రాను ఆరు రోజులు, పదిహేను రోజులు లీవ్ అడుగు. పన్నెండు రోజులు చాలనుకుంటే తొందరొస్తాది, తొందరలో ఉన్నోడు బండి చెప్పేది వినడు. నాకు జరిగింది అదే.

ఆదిలాబాద్ దాటినప్పట్నుంచీ నా క్లచ్ లివర్ గట్టిగా పడతా ఉండింది. చెయ్యి నొప్పి పుడతా ఉంది, నాగపూర్ పోయినాక చూసుకుందాం లే అనుకున్నా. హింగన్‌ఘాట్ ఇంకా పదిహేను కిలోమీటర్లు ఉండగా పట్ మని తెగింది. చూస్తే లివర్ కాడ గుండు ఉంటాదే, అక్కడ వైరు పోగులు పోగులుగా ఎప్పట్నుంచో తెగతా వచ్చింది, ఆఖరి రెండు పోగుల మీద వచ్చినట్టుండా. నా దగ్గర ఇంకో క్లచ్ వైరు లేదు. మధ్యాన్నం రెండు గంటలు, రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేండ్లు, నా భాష తెలిసినోడు లేడు. అరగంట సేపు ఆ తెగిన వైరునే ముడేయాలని చూసి వేళ్లు కోసుకున్నా తప్ప ఒక్కరిని ఆపలేదు, నేనూ నీ మాదిరేరా అప్పట్లో.

పత్తి లోడుతో ఒక ట్రాక్టర్ పోతా పోతా ముందుకుపోయి ఆగింది. తెల్ల టోపీ పెట్టుకోని అరవై ఏళ్ల పెద్దాయన దిగొచ్చి కాయ ఝాలా భావూ, అంటే ఏమైంది తమ్ముడూ అని మరాఠీలో అన్నాడు. నేను తెగిన వైరు ఎత్తి చూపించినా. ఆయన చేన్లో పత్తి తీస్తా ఉన్నోళ్లను కేకేసినాడు, నలుగురొచ్చినారు, ట్రాలీ వెనక భాగం కొంచెం ఖాళీ ఉంటే బండిని అట్లనే ఎత్తి నిలబెట్టి మోకుతో కట్టినారు. పెట్రోల్ కాక్ ఆఫ్ చెయ్యమని నాకు తట్టకముందే ఆయన సైగ చేసినాడు. ఇంజన్ కింద పత్తికి నూనె మరకలు పడతాయేమోనని నేను చూస్తా ఉంటే తన భుజం మీద తువ్వాలు తీసి రెండు మడతలేసి కింద దూర్చినాడు. ఆ పత్తి మార్కెట్టుకు పోయే పత్తి, మరకలు పడితే రేటు తెగ్గోస్తారు, సంవత్సరం కష్టం అది. మన వైపు చెనిక్కాయలు పండించినోళ్లం మనకు తెలీదా ఆ బాధ.

హింగన్‌ఘాట్లో మెకానిక్ షాపు ముందు దింపినాడు. నేను 500 నోటు తీసి ఇవ్వబోతే నా గుప్పిలి మూసేసినాడు. ఇంకోసారి పెట్టబోతే మొహం చిన్నబుచ్చుకున్నాడు, అప్పుడు ఆపేసినా. యాడికి పోతా ఉండావని చేత్తో అడిగినాడు, కాశీ అన్నా. ఆ ఒక్క మాట మా ఇద్దరికీ అర్థమయింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి ఒక పది నోటు, ఒక రూపాయి బిళ్ల తీసి నా చేతిలో పెట్టి రెండు చేతులెత్తి దండం పెట్టినాడు. ఊర్లో మనోళ్లు కొండకు పోయేవాళ్ల చేతికి హుండీలో వెయ్యమని డబ్బులు ఇస్తారే, అట్లనే. ఆ పదకొండు రూపాయలు పర్సులో పెట్టలేదు, చొక్కా లోపలి జేబులో పెట్టి పిన్నీసు పెట్టుకున్నా, కాశీలో విశ్వనాథుడి హుండీలో వేసిందాకా దాన్ని రోజుకు పదిసార్లు తడుముకున్నా.

అందుకని నీకు చెప్పేదేమంటే, ఎవరన్నా సాయం చేసి డబ్బులు వద్దంటే ఒక్కసారి అడుగు, రెండోసారి బలవంతం చెయ్యొద్దు. టీ ఇస్తే తాగు. కూర్చోమంటే తొందరున్నా ఐదు నిమిషాలు కూర్చో, వాళ్ల పిల్లల గురించి అడుగు. మెకానిక్, పంచర్ వేసేటోడు, వీళ్లది పని, వీళ్లకు మాత్రం అడిగిన కూలీ ఇచ్చెయ్, బేరాలాడొద్దు.

క్లచ్ వైరు సంగతి గట్టిగా గుర్తు పెట్టుకో. కొత్త వైరు కొని సంచిలో వెయ్యడం కాదు, పాత వైరు పక్కనే దాన్ని కూడా లివర్ దాకా లాగి ట్యాగులతో కట్టేసి పెట్టు, తెగితే రెండు కొసలు తగిలిస్తే సరి, పది నిమిషాల పని. ఇంకా వెనక చక్రానికి ట్యూబు ఒకటి, టైరు ఊడదీసే రాడ్లు రెండు, కాలితో కొట్టే పంపు, ప్లగ్గు, ఫ్యూజులు, చైన్ లాకు. చైనుకు 500 కిలోమీటర్లకొకసారి నూనె. గాలి పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకో. బండి ఎప్పుడూ ఉన్నట్టుండి ఆగదు, ముందే రెండు మూడు సార్లు చెప్తాది, కొత్త శబ్దమో, కొత్త బిగువో వస్తే నెక్స్ట్ ఊర్లోనే ఆపు.

రెండో కష్టం సివ్నీకి ముందు పెంచ్ అడవిలో వచ్చింది. అప్పుడు ఆ ముక్క అంతా గుంతలు, ఇప్పుడైతే జంతువులు కిందినుంచి పోయేటట్టు పైన రోడ్డు కట్టినారు, బాగుంటాది. ఆ పొద్దు క్లచ్ వైరు గొడవలో నాకు పొద్దు పోయింది, నాగపూర్లో పడుకోవాల్సింది పోయి పోదాం లే అని ముందుకు పోయినా, అది నా తప్పే. ఘాట్లో చీకటి పడినాక వెనక టైరు పంచర్. పులులుండే అడవి, సిగ్నల్ లేదు. అప్పటికి బుద్ధొచ్చింది కాబట్టి ఈసారి టార్చి పట్టుకోని రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తినా. నాలుగు లారీలు పోయినాయి, వాళ్లను తప్పు పట్టలేను, చీకట్లో ఎవడు ఎవడో వాళ్లకు మాత్రం ఎట్ల తెలుస్తాది. ఐదోది ఆగింది. చూస్తే నామక్కల్ లారీ.

మన చిత్తూరోళ్లకు దేవుడిచ్చిన వరంరా తమిళం రావడం. ఎంద ఊరు అన్నాడు డ్రైవర్, చిత్తూరు పక్కన అన్నా, అంతే, ఆయన లారీని అడ్డంగా తిప్పి లైట్లు నా బండి మీద పడేటట్టు పెట్టినాడు. క్లీనర్ పిల్లోడు పద్దెనిమిదేళ్లుంటాయి, నేను టైరు ఊడదీస్తా ఉంటే ట్యూబు నోటి కాడ పెట్టి గాలి యాడ పోతా ఉందో పెదాల మీద చూసినాడు, నీళ్లు లేకుండా పంచర్ కనుక్కోవడం ఆ పొద్దే నేను నేర్చుకున్నా. మేకు అంతా అరిగి బియ్యపు గింజంత ఉండింది. పనైనాక స్టవ్వు దించి అన్నం వేడి చేసి మజ్జిగ, మాగాయి వేసి పెట్టినారు. సివ్నీ దాకా నా వెనకే మెల్లగా వచ్చినారు. నీ బండి వెనక లైటు ఎర్ర చుక్క ముందు పోతా ఉందా అని చూసుకుంటా డ్రైవ్ చేసినా అని ఆయన తర్వాత చెప్తే నా కళ్లల్లో నీళ్లు తిరిగినాయి, ఎందుకో అప్పుడు ఇల్లు గుర్తొచ్చింది.

అందరూ అట్ల ఉంటారని చెప్పడం లేదు. జబల్‌పూర్లో బండి ఇంజన్ మిస్ కొడతా ఉంటే ఒక మెకానిక్ పిస్టన్ పోయింది, ఇంజన్ దించాలన్నాడు, నాకెందుకో మనసొప్పక పక్క వీధిలో ఇంకొకాయన కాడికి పోతే ప్లగ్గు మార్చినాడు, సరిపోయింది. ఒక్కరి మాట మీద ఇంజన్ విప్పనివ్వొద్దు. ఇంకోటి, రన్నింగులో ఉన్నప్పుడు పక్కన వచ్చి నీ చక్రం చూపించి ఆపు ఆపు అంటారు కొందరు, ఆడనే ఆపొద్దు, మెల్లగా పోయి పెట్రోల్ బంకులోనో నలుగురున్న దాబా కాడో ఆపి చూసుకో. నువ్వు అడిగితే సాయానికి వచ్చినోడు ఒకడు, నువ్వు అడగకముందే తొందర పెట్టేటోడు ఇంకొకడు. ఇద్దరినీ ఒక గాటన కట్టేసి అందరినీ అనుమానించొద్దు, అట్లని బ్యాగు వదిలేసి పోవద్దు.

జబల్‌పూర్ దాటినాక పొగమంచు. మన తిరుమల కొండ మీద మంచు చూసి ఇంతే కదా అనుకోవద్దు, రీవా, మీర్జాపూర్ వైపు ముందు చక్రం కూడా సరిగ్గా కనపడని పొద్దులుంటాయి. తొమ్మిది పది దాకా బయల్దేరొద్దు, హై బీమ్ వెయ్యొద్దు. రీవా ఈవల నేనొక దాబాలో ఇరుక్కుపోతే దాబా నడిపే ఆయమ్మ నులక మంచం, రెండు రగ్గులు ఇచ్చి పడుకోమనింది, రోటీకి తప్ప దేనికీ డబ్బు తీసుకోలేదు.

ఇప్పుడు ఫోన్లో డబ్బులు పంపడం వచ్చింది కదా అని ఉత్త చేతుల్తో పోవద్దు, అడవిలో సిగ్నల్ ఉండదు, చలికి చార్జింగ్ తొందరగా పోతాది. వంద నోట్లు ఓ మూడు వేలు రెండు చోట్ల పెట్టుకో. మీ నాయన నంబరు, నా నంబరు, నీ బ్లడ్ గ్రూపు కాయితం మీద రాసి హెల్మెట్ లోపల అతికించు. హైవేలో యాక్సిడెంటో బ్రేక్‌డౌనో అయితే 1033, ఇంకేదైనా 112. నువ్వే ఎవరినన్నా దెబ్బలు తగిలి పడి ఉండగా చూస్తే భయపడొద్దు, సాయం చేసినోళ్లను కేసుల్లో ఇరికించకుండా 2019లో చట్టంలోనే రాసినారు, ఆపు, ఫోన్ చెయ్, అంబులెన్స్ వచ్చిందాకా ఉండు. నాగపూర్ కాడ మ్యాప్ ఏమి చూపించినా సమృద్ధి ఎక్స్‌ప్రెస్ రోడ్డులోకి తిరగొద్దు, దాంట్లో బైకులను రానివ్వరు.

హిందీ నాలుగు మాటలు నోటికి తెచ్చుకో. భయ్యా, థోడీ మదద్ కర్ దీజియే (అన్నా, కొంచెం సాయం చెయ్యండి). పంచర్ వాలా కిధర్ హై (పంచర్ వేసేటోడు యాడ ఉన్నాడు). రాత్ కో యహా రుక్ సక్తే హై క్యా (రాత్రికి ఈడ ఉండొచ్చా). ఇంట్లో అద్దం ముందు నిలబడి పైకి అను, నీకు మాటలు రాక కాదు, అడగడం అలవాటు కావాలని. హెల్మెట్ తీసి మొహం కనపడేటట్టు నిలబడి అడుగు, హెల్మెట్ పెట్టుకోని అడిగితే ఎవరైనా జంకుతారు. అడగందే అమ్మైనా పెట్టదురా, దారిలో పోయేటోడు ఎట్ల పెడతాడు.

పోయే ముందు ఒక ఆదివారం బ్యాగులన్నీ కట్టుకోని భాకరాపేట ఘాట్ మీద మదనపల్లి దాకా పోయి రా, లోడుతో మలుపుల్లో బ్రేకు ఎట్ల పడతాదో తెలస్తాది. కాశీలో మానససరోవర్ ఘాట్ కాడ ఆంధ్ర ఆశ్రమం ఉంది, మన అన్నం దొరుకుతాది, ముందే ఫోన్ చేసి రూము అడుగు. గుడి చుట్టూ నేను తిరిగిన ఇరుకు సందులు చాలావరకు ఇప్పుడు లేవు, 2021లో కారిడార్ తెరిచినారు, ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరు.

వచ్చే ఆదివారం పొద్దున్నే బండేసుకోని తిరుపతి ఎమ్మార్‌పల్లికి రా. రెండో క్లచ్ వైరు నేను కొని పెట్టినా, ఇద్దరం కలిసి కడదాం. మీ చిన్నమ్మ చెనిక్కాయల పొడి దంచి డబ్బాలో పెడతా ఉంది. ఇంకో పదకొండు రూపాయలు కూడా నీ చేతికిస్తా, విశ్వనాథుడి హుండీలో వెయ్యి. ఆ పెద్దాయన పేరు అడగడం ఆ పొద్దు మర్చిపోయినా, హింగన్‌ఘాట్ పత్తి ఆయన అని మనసులో అనుకోని వేసెయ్.

మీ చిన్నాయన