బుజ్జికి, వెండి టీ సెట్టు గురించి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసి గంటసేపు నీ గురించే మాట్లాడింది. "అక్కా, ఇది పాత వెండి సామాన్లు కొని అమ్ముతానంటోంది. శనివారం పెన్సిల్వేనియాలో వేలంపాటకి వెళ్తుందట. నువ్వన్నా చెప్పవే" అని. చెప్తాలే అన్నాను. ఫోన్ పెట్టేశాక నాలో నేనే నవ్వుకున్నాను, ఈ పిచ్చి మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందనుకున్నాను కాబట్టి. తరవాత పడుకుంటే నిద్ర పట్టలేదు. మొదటి సెట్టు మీదే నాలుగు వేల డాలర్లు పెడతావట! నేను మొదటి చెంచా కొన్నప్పుడు మీ పెదనాన్నకి తెలియకుండా పప్పుల డబ్బాలోంచి పదిహేను డాలర్లు తీశాను.

ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూ వేరే పని చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను. పూర్తిగా చదువు.

తేలిక విషయాలు ముందు. దేన్నైనా తిరగేసి అడుగు చూడు. స్టెర్లింగ్ అని గానీ 925 అని గానీ ఉంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి. 1860ల ముందటి అమెరికా సామాన్లు ఎక్కువగా కాయిన్ సిల్వర్, అంటే 900 పాళ్ల దగ్గర. వాటి మీద చాలాసార్లు చేసినవాడి పేరొక్కటే ఉంటుంది. ఇంగ్లండులోలాగా చట్టప్రకారం పరీక్షించి ముద్ర వేసే పద్ధతి ఈ దేశంలో లేదు, బాల్టిమోర్‌లో 1814 నుంచి కొన్నేళ్లు నడిచింది తప్ప. అబద్ధపు ముద్ర వేస్తే నేరమని దేశమంతటికీ చట్టం వచ్చిందే 1906లో. కాబట్టి చేసినవాళ్ల గుర్తులు నేర్చుకో. సింహం, లంగరు, జి అక్షరం వరసగా ఉంటే అది మా ప్రావిడెన్స్‌లోని గోర్హామ్ అనే కంపెనీ వాళ్ల వెండి. "1847 రోజర్స్ బ్రదర్స్" అని కనబడగానే 1847 నాటిదని ఎగిరి గంతెయ్యకు, అది ట్రేడ్‌మార్కు, వెండి పూత సామాను. "క్వాడ్రపుల్ ప్లేట్" కూడా పూతే. పూత సామాన్లు చెడ్డవని కాదు, వెండి రేటు పెట్టి కొనకూడదని.

తూకం దగ్గర మన లెక్కల పిల్లలు కూడా బోల్తా పడతారు. వెండిని ట్రాయ్ ఔన్సుల్లో తూస్తారు, ఔన్సు 31.1 గ్రాములు. నీ వంటింటి కాటాలో ఔన్సు 28.35. ఆ కాటా మీద వంద ఔన్సులు తూగితే అసలు లెక్కలో 91. టీ పాట్ పిడి చెక్కదైతే ఆ బరువూ తీసెయ్యాలి. పాట ఆగిన ధర మీద వేలం వాళ్లు తమ వాటా కలుపుతారు, అది ఎంత శాతమో ముందే అడుగు.

కానీ తూకమే సర్వస్వం అనుకోకు. నేను ఈ దేశం వచ్చింది 1979లో. మరుసటి ఏడాది జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల దాకా పోయింది, టెక్సస్ హంట్ సోదరులు దొరికిన వెండల్లా కొని పోగేసినందుకు. మా వీధి చివర కొట్టు ముందు మంచులో వరస కట్టి నిలబడ్డారు జనం. చేతుల్లో దుప్పట్లలో చుట్టిన టీ పాట్లు, కాఫీ పాట్లు, పాల జగ్గులు. అన్నీ కరిగించడానికే. మార్చి ఆఖరుకి ధర 11 డాలర్ల కిందికి పడింది. కరిగినవి కరిగిపోయాయి. అప్పుడు నాకు వీటి గురించి ఏమీ తెలియదు, కూరగాయల సంచీ పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఒక ముసలావిడ పాట్ మూత మాత్రం తీసి కోటు జేబులో వేసుకుని మిగతాది ఇచ్చేసింది. ఆ మూత ఏం చేసుకుందో ఏమో.

సెట్టులో ఏవేవి ఉంటాయో నీకు తెలిసే ఉంటుంది. పొడుగ్గా ఉండేది కాఫీది, పొట్టిగా పొట్టతో ఉండేది టీది. టీ పాట్ లోపల కొమ్ము మొదట్లో చిన్న చిన్న చిల్లులుంటాయి, ఆకు ఆపడానికి. మన పాలు పోసి మరిగించిన టీ దాంట్లో పోశావో, మీగడ ఆ చిల్లుల్లో పట్టుకుని కూర్చుంటుంది, అగ్గిపుల్లతో తియ్యాల్సొస్తుంది. ఫిల్టర్ కాఫీకి మాత్రం ఆ పొడుగు పాట్‌ని మించింది లేదు. చక్కెర గిన్నె, పాల జగ్గు సరే. మూత లేని మరో గిన్నె ఉంటుంది చూడు, అది కప్పులో అడుగున మిగిలిన చల్లారిన టీ, ఆకు పారబోసుకునేది. అంటే ఎంగిలి గిన్నె! ఇక్కడ నాకు తెలిసినావిడ అలాంటిదొకటి కొని, ముచ్చటగా ఉందని రెండేళ్లు దేవుడి దగ్గర అక్షింతలు పెట్టింది. ఆవిడకి నేనింకా చెప్పలేదు.

అన్నీ ఒకే చేతి పనేనా, ఒకే నమూనా నంబరేనా అన్నది అడుగున చూసుకో. ఎక్కడెక్కడివో జత చేసి సెట్టని అమ్ముతారు. వాటిని ఇక్కడి వ్యాపారులు "మ్యారీడ్" అంటారు. పళ్లెం వేరే వాళ్లదైతే ఫరవాలేదు, చాలా ఇళ్లల్లో సెట్టు స్టెర్లింగయినా పళ్లెం పూతదే కొనుక్కునేవారు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ పెదనాన్నకి కూడా సగమే తెలుసు.

1987లో ప్రావిడెన్స్ దగ్గర ఒక పాత ఇంటి సామాన్లు అమ్ముతుంటే వెళ్లి కాఫీ పాట్ కొన్నాను. గోర్హామ్ వాళ్లది. వాళ్లు 1868లో ఎ తో మొదలుపెట్టి ఏడాదికో అక్షరం వేశారు, నాది సి, అంటే 1870. పొట్ట మీద సన్నటి ఆకుల దండ, దాని మధ్య మూడు అక్షరాలు పొట్లపాదు తీగల్లా ఒకదాన్నొకటి చుట్టుకుని ఉండేవి. ఎవరో ఒకావిడ పెళ్లికి చెక్కించినవి అయ్యుంటాయి. చెక్కినవాడి చెయ్యి ఎక్కడా వణకలేదు.

ఆ అక్షరాలే నాకు కంట్లో నలుసయ్యాయి. ఆ వేసవిలో మీ అన్నయ్య పుట్టబోతున్నాడు. పురుడు పొయ్యడానికి మా అమ్మ వస్తోంది, వెనకాలే మా అత్తగారు. "ఎవరో చచ్చిపోయినవాళ్ల గిన్నెలో నాకు కాఫీ పోస్తావా" అని ఆవిడ అంటారని నాకు ఒకటే టెన్షన్. ఆవిడ అలాంటి మాట ఎన్నడూ అనలేదు పాపం, అన్నీ నేనే ఊహించుకున్నాను. పక్క ఊళ్లో వెండి బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్లి ఆ పేరు తీసెయ్యమన్నాను. అతను పాట్ అటూ ఇటూ తిప్పి చూసి, నిజంగానే తీసెయ్యాలా అని రెండుసార్లు అడిగాడు. ఔనన్నాను. నలభై డాలర్లు. వారం తరవాత అద్దంలా మెరుస్తూ వచ్చింది, మచ్చ కూడా లేదు. ఎంత మురిసిపోయానో!

అమ్మ వచ్చిన నాలుగో రోజు పొద్దున, కాఫీ తాగాక పాట్ కడిగి తుడుస్తోంది. ఎక్కడో మరక కనబడిందేమో, "హా" అని నోటి ఆవిరి ఊది కొంగుతో రుద్దబోయింది. చెయ్యి ఆగిపోయింది. ఆ ఆవిరిలో మూడు అక్షరాలూ తెల్లగా పైకి తేలాయి, చలికాలం బస్సు అద్దం మీద వేలితో రాసినట్టు. రెండు క్షణాల్లో మాయమయ్యాయి. అమ్మ మళ్లీ ఊదింది. మళ్లీ వచ్చాయి.

"ఎవరిదే ఈ పేరు?" అంది.

చెప్పాను. పెద్ద తెలివైన పని చేసినట్టే చెప్పాను. అమ్మ తిట్టలేదు. స్టూలు మీద కూర్చుని, పాట్ ఒళ్లో పెట్టుకుని, తన చెంబు సంగతి చెప్పింది. తన పెళ్లికి మా తాతయ్య ఇచ్చిన వెండి చెంబు. మెడ కింద చుట్టూ చుక్కలు చుక్కలుగా తన పేరు కొట్టించారు. 1974లో మీ అమ్మ కాలేజీ ఫీజు కట్టడానికి తెనాలిలో అమ్మేశారట. "నా చెంబు కొన్నవాడు కూడా ఇలాగే గీకించేసుంటాడు కదే" అంది. అంతే. లేచి వెళ్లి బియ్యం ఏరుకుంది. ఆ ఫీజు మా నాన్న జీతం అడ్వాన్సు అని మీ అమ్మ ఇప్పటికీ అనుకుంటోంది. నువ్వు చెప్పకు.

పేరు చెక్కడం అంటే లోహాన్ని లోతుగా కొయ్యడం. దాన్ని కనబడకుండా చెయ్యాలంటే ఆ లోతు దాకా చుట్టూ ఉన్న వెండి అంతా అరగదియ్యాలి. అక్కడ రేకు కాగితమంత పలచనైపోతుంది. చెక్కిన ఆనవాలు మాత్రం కొంత ఉండిపోతుంది, ఊదితే బయటపడేది అదే. 1995లో డబ్బు అవసరమై ఆ పాట్‌ని ఒక పాత సామాన్ల వ్యాపారికి చూపించాను. అతను బొటనవేలితో పొట్ట మీద నెమ్మదిగా నొక్కాడు. నూనె డబ్బా మూతలా టప్‌మని లోపలికి పోయి బయటికొచ్చింది. పాట్ కింద పెట్టి, బయట చలిగా ఉందా అని అడిగాడు.

అందుకని శనివారం నువ్వు చేసే మొదటి పని: పాటకి ముందు సామాను చూడనిస్తారు, అప్పుడు ప్రతి పాట్ పొట్ట మీదా ఊది చూడు. అతుకులేసినవి, చెరిపినవి చాలావరకు తెలుస్తాయి. నలుగురూ చూస్తే చూడనీ. ట్యూబ్‌లైట్ నీడ పొట్ట మీద ఎలా పడుతోందో చూడు, నున్నగా సాగాల్సిన గీత ఒక చోట గుంటలో పడ్డట్టు వంగితే అక్కడేదో అరగదీశారు. తరవాత బొటనవేలు. గట్టిగా కాదే, పసిపిల్లల బుగ్గ నొక్కినట్టు.

పేరున్నదాన్ని పేరుతోనే కొను. "తీసేస్తే ఎక్కువకి పోతుంది" అని నీకు చెప్పేవాళ్లు దొరుకుతారు. నా మాట విను. బోస్టన్ మ్యూజియంలో కోప్లీ అనే చిత్రకారుడు వేసిన పాల్ రివీర్ అనే వెండి పనివాడి బొమ్మ ఉంది, 1768 నాటిది. వెళ్లినప్పుడల్లా దాని ముందు నిలబడతాను. ఆ కంసాలి చొక్కాతోనే కూర్చున్నాడు, కోటు కూడా లేదు, చేతిలో టీ పాట్. ఇంకా ఏమీ చెక్కలేదు, వట్టిది. చెక్కుడు ఉలులు బల్ల మీద పక్కనే ఉన్నాయి. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మన వైపు చూస్తుంటాడు. ఎవరి పేరు చెక్కమంటారు అని అడుగుతున్నట్టుంటుంది నాకు. మా ఆయన "పద, పార్కింగ్ టైమైపోయింది" అంటారు.

ఇంకో భయం. సంక్రాంతికి ఒక సెట్టు అమ్మకి తీసుకెళ్తానన్నావట. పిడి వెండిదైతే, అది పాట్‌కి అతికే రెండు చోట్లా తెల్లటి బిళ్లలుంటాయి, చెయ్యి కాలకుండా. పాతవాటిలో అవి చాలావరకు ఏనుగు దంతం. దగ్గరగా చూస్తే సన్నటి గీతలు వల అల్లినట్టు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనబడతాయి. మీ న్యూజెర్సీలో 2014 చట్టం ప్రకారం దంతం కొనడం, అమ్మడం నిషేధం. ఇండియాకైతే ఆలోచించనే వద్దు. ఎయిర్‌పోర్టులో నిన్ను పక్కకి తీసుకెళ్లి కూర్చోబెట్టినట్టు నాకు ఇప్పుడే కళ్లకి కట్టినట్టుంది. మీ అమ్మకి పూర్తిగా చెక్కపిడి ఉన్నది చూడు. లేకపోతే చీర కొను.

ఇంటికి తెచ్చాక విభూతితో, టూత్‌పేస్టుతో తోమకు. మన పూజ గిన్నెలకి చెల్లింది గానీ, వీటి మీద పువ్వుల చెక్కుడు అరిగిపోతుంది, సందుల్లో పొడి గట్టిపడుతుంది. నల్లదనం అంతా వదలగొట్టాలని చూడకు, ఆకుల మడతల్లో ఉండే నలుపే వాటికి అందం. డిష్‌వాషర్ వద్దు. పొయ్యి మీద పెట్టకు, టంకం ఊడిపోతుంది. రబ్బరు బ్యాండ్లు చుట్టకు, గంధకం తగిలి నల్లటి చారలు పడతాయి. మూత కొంచెం తెరిచి ఉంచి దాచు, లేకపోతే లోపల ముక్కిన వాసన.

నా కాఫీ పాట్ ఈ ఉత్తరంతోపాటే పార్సిల్‌లో పంపుతున్నాను. అమ్మడానికి కాదు, ఎవరూ కొనరు కూడా. పొట్ట మీద సొట్ట మీ అన్నయ్య చెంచాతో కొట్టింది, మూడేళ్లప్పుడు. శనివారం పొద్దున బయలుదేరే ముందు దాని మీద ఒకసారి ఊదిపో, ఏం వెతకాలో నీ కళ్లకి తెలుస్తుంది.

పాట అయ్యాక ఫోన్ చెయ్యి. ఎంత పెట్టావో తరవాత చెబుదువుగాని. ముందు దాని మీద ఏ అక్షరాలున్నాయో చెప్పు.

మీ పెద్దమ్మ