స్టీరింగ్‌లో ప్లే ఉంటే అలైన్‌మెంట్ నిలుస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారి 1986 ప్రీమియర్ పద్మిని ఇంకా నా దగ్గరే ఉంది. స్టీరింగ్ మధ్యలో రెండంగుళాలు ఊరికే తిరుగుతోంది (ప్లే అంటున్నారు), నెక్లెస్ రోడ్డు మీద నలభై దాటితే ఎడమకు లాగుతోంది. రెండుసార్లు చక్రాల అలైన్‌మెంట్ చేయించినా అంతే. స్టీరింగ్ బాక్స్ స్క్రూ టైట్ చేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, నల్లకుంట

జవాబు: వద్దండీ, ఇప్పుడే ఆ స్క్రూ జోలికి పోనివ్వకండి. బండి ఎక్కువగా తిన్నగానే పోతుంది కాబట్టి బాక్స్‌లో వార్మ్ (మరలాంటి గేరు) మధ్యభాగమే అరుగుతుంది, చివర్లు కొత్తవాటిలాగే ఉంటాయి. మధ్యలో ప్లే పోయేదాకా బిగిస్తే మలుపులో పట్టేస్తుంది. నా ఫియట్‌కి నేనూ ఈ పనే చేసి, ట్యాంక్‌బండ్ దిగే మలుపులో స్టీరింగ్ వెనక్కి రాక రెండు చేతులతో లాక్కున్నాను.

ముందు ఒకరిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపమనండి. మీరు కింద దూరి ఒక్కో టై రాడ్ ఎండ్ (చక్రాన్ని తిప్పే కడ్డీ చివరి కీలు) మీద, ఐడ్లర్ ఆర్మ్ (బాక్స్‌కి అవతలివైపు ఆ కడ్డీలను పట్టుకునే చెయ్యి) మీద చెయ్యి వేసి చూడండి. ఎక్కడ కీలుకి ఇవతలిది ముందు కదిలి తర్వాత అవతలిది కదులుతుందో, వేళ్లకి టక్కుమని తగులుతుంది, ప్లే అక్కడుంది. వీల్ బేరింగులు కూడా చూడండి. బాక్స్‌లో గ్రీజు కుక్కారేమో అడగండి, చాలామంది కుక్కుతారు, కానీ వార్మ్ తిరిగినప్పుడు పక్కకు పోయిన గ్రీజు మళ్లీ వెనక్కి రాదు, అందులో ఉండాల్సింది 90 గేర్ ఆయిల్. ఇవన్నీ అయ్యాకే స్క్రూ, అదీ చక్రాలు తిన్నగా పెట్టి, కొంచెమే.

ఇక ఎడమకు లాగడం. మన రోడ్లు ఎడమ అంచుకి వాలుగా ఉంటాయి కాబట్టి కాస్త లాగితే పట్టించుకోకండి. ఎక్కువైతే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి నడపండి, కుడికి లాగిందంటే తప్పు టైర్‌దే. మారకపోతే, నడిపి ఆపిన వెంటనే రెండు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఎడమది బాగా వేడిగా ఉంటే బ్రేక్ పట్టేస్తోంది.

అలైన్‌మెంట్ అన్నిటికన్నా చివర. కీళ్లు వదులుగా ఉండగా ఎన్నిసార్లు చేయించినా గేటు దాటేలోపే మారిపోతుంది, మీ డబ్బులు పోయింది అక్కడే. మెషిన్‌లో పద్మిని లెక్కలు లేకపోతే వేరే కారు లెక్క పెట్టనివ్వకండి. ముందు టైర్లకు సుద్దముక్కతో గీతలు గీసి, ముందువైపు కొలిచి, బండి అర చుట్టు తోసి అవే గీతలు వెనకవైపు కొలిస్తే టో-ఇన్, అంటే చక్రాలు ముందువైపు ఎంత లోపలికి తిరిగున్నాయో, తెలిసిపోతుంది. రేడియల్ టైర్లు వేసుంటే పాతరకం క్రాస్‌ప్లై టైర్ల లెక్క కన్నా కాస్త తక్కువే చాలు.

స్పేర్ పార్టుల కోసం రాణిగంజ్ వెళ్తే పాత టై రాడ్ ఎండ్ చేతిలో పట్టుకెళ్లండి. ఒకదానికి కుడి మర, ఇంకోదానికి ఎడమ మర ఉంటుంది, కొట్లోవాళ్లు ఏదో ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చేస్తారు.